క్యాసెట్‌లో లేని తొమ్మిదో పాట

ఫిబ్రవరి 3, సోమవారం

ఎవరో నా పాట బయటపెట్టారు.

నా పాట అని రాసేశాను. నాది కాదు, నా దగ్గర ఉన్నది. ఆరేళ్ళుగా బీరువాలో దుప్పట్ల కింద దాచింది.

పొద్దున పదిన్నరకి మూడో పేషెంటుకి హెడ్‌ఫోన్లు పెడుతున్నాను. కోటు జేబులో ఫోన్ ఆగకుండా వణుకుతోంది. వినికిడి పరీక్ష నడుస్తుండగా ఫోన్ ముట్టుకోకూడదన్నది ఆ గదిలో నేను పెట్టిన నియమమే. అయినా చూశాను. ‘మెట్లు’ గ్రూపులో నూటపన్నెండు మెసేజీలు. అన్నిటికీ పైన ‘గోడగడియారం’ అనే పేరుతో ఎవరో కొత్తగా చేరిన మనిషి పెట్టిన ఆడియో. దాని కింద రెండు మాటలు: “తొమ్మిదోది. వినండి.”

పేషెంటు బీప్ వినపడినప్పుడల్లా బుద్ధిగా చెయ్యెత్తుతూనే ఉన్నాడు, నేను కాగితం మీద గుర్తు పెట్టడం మరిచిపోయాను. పరీక్ష మొదటినుంచి చెయ్యాల్సి వచ్చింది.

అన్నీ వరుసగా రాసుకుంటాను. వరుసగా రాస్తే ఎక్కడో ఒకచోట దొంగ కాలు జారుతుంది.

‘ఆరో అంతస్తు’ బ్యాండు వాళ్ళు చేసినవి రెండే రెండు క్యాసెట్లు. లిఫ్టు లేని పాత భవనంలో ఆరో అంతస్తు గదిలో సాధన చేసేవాళ్ళు గనక వాళ్ళకా పేరు. వాళ్ళ పాటలంటే చెవి కోసుకుంటాం గనక మేము ‘మెట్లవాళ్ళం’, మా గ్రూపు ‘మెట్లు’. రెండో క్యాసెట్ కవరు మీద తొమ్మిది పాటల పేర్లు అచ్చయ్యాయి. లోపల ఎనిమిదే ఉన్నాయి. లేని పాట పేరు ‘తాళం నీ దగ్గరే’. ఆ తరవాత నలుగురూ విడిపోయి ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా, ఒక్కరూ వినని ఆ పాటలో తాళమంటే దరువా, తాళంచెవా అని జుట్లు పట్టుకుంటున్నాం.

నేను మాత్రం విన్నాను. ఆరేళ్ళ కిందట మా క్లినిక్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు చెవులూ మెల్లమెల్లగా పోతున్నాయి. ఏం పని చేసేవారని అడిగితే పాటలు రికార్డు చేసేవాణ్ణన్నాడు. మాటల్లో ‘ఆరో అంతస్తు’ వచ్చింది. నేను ఆగలేక రెండో క్యాసెట్ మొదటి పాట మొత్తం అప్పజెప్పాను. మళ్ళీ వచ్చినప్పుడు గోధుమరంగు కవరులో ఒక క్యాసెట్ పెట్టి నా చేతికిచ్చాడు.

“నాకిక పై స్వరాలు అందట్లేదు. మీరు వినండి. ఎవరికీ ఇవ్వకండి. పాడినమ్మాయి వద్దంది.”

ఎవరికీ ఇవ్వలేదు. ఉందని కూడా ఎక్కడా నోరు జారలేదు. తెలిసినవాళ్ళు ఇద్దరే. క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి నా ఫోన్‌లో పెట్టింది మా ఆయన. నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి మంచం మీద ఒక్కసారి విన్నది చెల్లి.

ఇద్దరే. మూడో మనిషి లేరు.

ఫిబ్రవరి 4, మంగళవారం

రాసినవన్నీ చదివాను. గ్రూపు నడిపే లెక్కల మాస్టారు తరగతి గది తలుపేసుకుని విన్నారట. పాత నర్సు ఒకామె, డ్రమ్ములు ఆగిపోయి ఒట్టి చప్పట్లు మిగిలే చోటికి రాగానే పొయ్యి కట్టేసి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. బస్సు డ్రైవరు డిపోలో ఖాళీ బస్సెక్కి మూడుసార్లు విన్నాడట. “నా బస్సులో నేను చివరి సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి” అని రాశాడు.

తాళం తగువు కూడా తీరింది. మొదటి చరణంలో అది తాళంచెవే. రెండో చరణం తరవాత డ్రమ్ములు ఆగుతాయి, చప్పట్ల మీద ఆమె మళ్ళీ ‘తాళం నీ దగ్గరే’ అంటుంది. అక్కడ అది దరువు. రెండు పక్షాలూ గెలిచాయని మాస్టారు తీర్పు చెప్పారు. ఇన్నేళ్ళు కొట్టుకున్నవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఫోన్లో పూలగుత్తులు పంపుకుంటున్నారు.

ఈ సంగతి నాకు ఆరేళ్ళ నుంచి తెలుసు. తగువు లేచినప్పుడల్లా నోరు కట్టేసుకుని కూర్చున్నాను. అదెంత కష్టమో వీళ్ళలో ఒక్కరికి తెలుసా.

ఏమీ రాయకపోతే నా మీద అనుమానం వస్తుంది. “కన్నీళ్ళు ఆగటం లేదు” అని పెట్టాను. అసలు మొదలైతే కదా ఆగడానికి.

ఫిబ్రవరి 5, బుధవారం

మధ్యాహ్నం డాక్టరుగారు భోజనానికి వెళ్ళగానే పరీక్ష గదిలోకి వెళ్ళి తలుపు బిగించుకున్నాను. బయటి చప్పుడు వెంట్రుకవాసి కూడా చొరదు. నా పాట ఎడమ చెవికి, గోడగడియారం పెట్టింది కుడి చెవికి పెట్టి ఒకేసారి నడిపాను. అదే గొంతు, అదే ఊపిరి. ఒక నిమిషం పన్నెండు సెకండ్ల దగ్గర కుర్చీ కిర్రుమంటుంది, రెండిట్లోనూ అక్కడే. చివర్లో ఆమె నవ్వి “చాలా?” అంటుంది. అక్కడితో నాది అయిపోతుంది.

రెండోది అవ్వదు. ఇంకో నాలుగు సెకండ్లుంది. “చాలా?” అన్నాక, కొంచెం దూరం నుంచి ఒక మగగొంతు “ఇంకొక్కసారి” అంటుంది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. నా దాంట్లో లేదు. నా దాంట్లో లేనిది నా దాన్నుంచి ఎలా వస్తుందని ఒక్క క్షణం అనిపించింది. తరవాత వెలిగింది. అతికించారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో దొరక్కూడదని కావాలనే అతికించారు.

మా ఆయనకి ఇంత తెలివుందా అన్నదే అనుమానం. కంప్యూటర్ పని మాత్రం బాగా వచ్చు.

ఫిబ్రవరి 6, గురువారం

మా ఆయన స్నానం చేస్తూ ఈల వేశారు. ఆ పాటో కాదో నీళ్ళ చప్పుడులో తెలియలేదు. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఆపేశారు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

బీరువా చూశాను. క్యాసెట్ ఉంది. గోధుమరంగు కవరు మూత నేనెప్పుడూ లోపలికి మడిచి పెడతాను. ఇవాళ చూస్తే బయటికి ఉంది. లేదా క్రితంసారి నేనే అలా పెట్టానా? లేదు. నేను అలా పెట్టను.

కవరు మీద అడ్డంగా నా తలవెంట్రుక ఒకటి పెట్టి దుప్పట్లు సర్దేశాను. ఎవరైనా ముట్టుకుంటే జారిపోతుంది.

ఫిబ్రవరి 8, శనివారం

వెంట్రుక అక్కడే ఉంది. అంటే వాళ్ళకి కావలసింది ఎప్పుడో తీసుకున్నారు, మళ్ళీ ముట్టుకోవాల్సిన అవసరం లేదన్నమాట.

ఒక ఉపాయం తట్టింది. ఇద్దరికీ రెండు వేర్వేరు అబద్ధాలు చెబుతాను. ఏ అబద్ధం గ్రూపులో తేలితే దొంగ ఆ మనిషి.

మా ఆయన లిఫ్టు మెకానిక్. శనివారం ఒంటిపూటే. ఇంటికొచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటుంటే పక్కన చేరి, ఆ పాట రికార్డు చేసిన రోజు గిటార్ వాయించే అబ్బాయికి ఒళ్ళు తెలియని జ్వరమట, కూర్చునే వాయించాడట, ఆ కుర్చీ చప్పుడు అందుకేనట అన్నాను. ఊఁ అన్నారు. తువ్వాలు అందుకుని నా మొహంలోకి చూసి, ఈ మధ్య నిద్ర సరిగ్గా పోతున్నావా అని అడిగారు. మాట మార్చడం అంటే ఇదే.

తరవాత చెల్లికి ఫోన్ చేశాను. దానికి బట్టలు సరిచేసే కొట్టుంది. పొడుగైనవి కురచ చెయ్యడం, తెగిన జిప్పులు మార్చడం. ఆ పాటలో చప్పట్లు కొట్టింది నలుగురు కాదట, ఐదుగురట అని చెప్పాను. ఏ చప్పట్లక్కా అంది. ఎంత అమాయకంగా అందో. మిషను మీద ఉన్నాను, తరవాత మాట్లాడతానని పెట్టేసింది.

తరవాత చెయ్యలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

గ్రూపులో ఇవాళ కొత్త పిచ్చి. ఒకామె ఆ చప్పట్ల వరుసని తన కూతురికి నేర్పి, ఇద్దరూ వంటింట్లో కొడుతున్న వీడియో పెట్టింది. చూసి ఇంకో ఇరవైమంది పెట్టారు. తండ్రులు, అమ్మమ్మలు, ఆఫీసులో గుమాస్తాలు, అందరూ చప్పట్లే. గోడగడియారానికి దండాల మీద దండాలు. “ఇన్నాళ్ళూ ఎవరెవరు దాచుకున్నారో గాని, దాచుకున్నవాళ్ళకన్నా పంచినవాళ్ళు వెయ్యిరెట్లు నయం” అని పాత నర్సు రాసింది.

ఒళ్ళు మండింది.

నేనూ రాశాను. “పద్దెనిమిదేళ్ళుగా వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను గనక బాధ్యతగా చెబుతున్నాను” అని మొదలుపెట్టాను. ఊపిరి తీసే చోట ఉండాల్సిన చప్పుడు కొన్నిచోట్ల లేదనీ, పై స్వరాలు కత్తిరించినట్టున్నాయనీ, చివరి మగగొంతు వేరే గదిలోది తెచ్చి అతికించారనీ, పాత పాటల్లోంచి ఆమె గొంతు తీసుకుని మిషను కట్టిన పాట కావచ్చనీ రాశాను. ఒక గ్రాఫు కూడా జతచేశాను. గ్రాఫు నిజమైనదే. ఎవరో పేషెంటు ఎడమ చెవిది.

ఇది అబద్ధం కిందికి రాదు. ‘కావచ్చు’ అని రాశాను. పాడినమ్మాయి వద్దంది, ఆ మాట నిలబెట్టడానికి నాకు ఇంతకన్నా దారి లేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

హాయిగా నిద్ర పట్టింది.

ఫిబ్రవరి 12, బుధవారం

మాస్టారు ఆ ఆడియో తీసేశారు. సరిగ్గా చూసుకోకుండా అందరినీ మోసపోనిచ్చినందుకు క్షమించమన్నారు. చప్పట్ల వీడియోలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పాత నర్సు “అయితే నేను ఏడ్చింది మిషను కోసమా” అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. గోడగడియారాన్ని నానా మాటలూ అన్నారు. అటునుంచి ఒకటే జవాబు: “నకిలీ కాదండి. ఇంతకన్నా చెప్పలేను.”

ఎందుకు చెప్పలేరు? చెబితే ఎవరి బీరువాలోంచి వచ్చిందో తెలిసిపోతుంది గనక.

బస్సు డ్రైవరు ఒక్కడే లొంగలేదు. నకిలీ అయితే అయింది, నాకు నచ్చింది, వింటూనే ఉంటానని రాశాడు. మొండి మనిషి.

నాకు ఎనభైమంది ధన్యవాదాలు చెప్పారు. నా లాంటి మనిషి గ్రూపులో ఉండటం అదృష్టమన్నారు మాస్టారు.

ఫిబ్రవరి 13, గురువారం

బీప్ లేకపోయినా చెయ్యెత్తే పేషెంట్లు కొందరుంటారు. ఇవాళ ఒకాయన అలాగే. వినపడనివి కూడా విన్నట్టు నలభైసార్లు చెయ్యెత్తాడు. చెవిటివాణ్ణని ఎవరైనా అనుకుంటారేమోనని భయం. నెమ్మదిగా చెప్పి మళ్ళీ మొదలుపెట్టాను. ఇలాంటివాళ్ళని పట్టుకోవడం నాకు చిటికెలో పని.

ఇంట్లోవాళ్ళు మాత్రం ఇంకా దొరకలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

దొరికింది.

బస్సు డ్రైవరు రాశాడు. “ఇన్నిసార్లు విన్నాను గనక చెబుతున్నా. ఆ చప్పట్లు నలుగురివి కావు, ఐదుగురివి.”

ఐదు. చెల్లికి తప్ప లోకంలో ఎవరికీ చెప్పని ఐదు. ఈ డ్రైవరు దాని కొట్టుకి వెళతాడా? యూనిఫాం కుట్టించుకోవడానికి వెళ్ళి ఉంటాడు. డ్రైవర్ల ప్యాంట్లకి మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ పని పడుతూనే ఉంటుంది.

మా ఆయన మీద పెట్టిన జ్వరం అబద్ధం ఎక్కడా తేలలేదు. పాపం, ఆయన్ని అనవసరంగా అనుమానించాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆదివారాలు చెల్లి షట్టరు సగం దించుకుని లోపల పని చేసుకుంటుంది. వంగి లోపలికి వెళ్ళాను. సుద్ద గీతలు గీసిన ప్యాంట్ల గుట్ట మధ్య కూర్చుని ఉంది, పెదాల మధ్య గుండుసూదులు. నన్ను చూసి కళ్ళతోనే స్టూలు చూపించింది. నేను కూర్చోలేదు. పాట బయటికి రావడం, దాని గురించి తెలిసింది ఇద్దరికే కావడం, ఐదుగురన్న అబద్ధం, డ్రైవరు, అన్నీ లాయరు లాగా వరసపెట్టి చెప్పి, ఎవరికిచ్చావని అడిగాను.

అది సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

“నాకెప్పుడు వినిపించావు?”

ఆసుపత్రిలో అన్నాను. ఏడో నెలలో అలా అయిన మర్నాడు.

“అవును. చెవుల్లో ఏదో పెట్టావు. ఒక్క ముక్క గుర్తులేదక్కా. మధ్యలో కళ్ళు తెరిచి చూశాను. నువ్వు నన్ను చూడట్లేదు. పాట ఎక్కడిదాకా వచ్చిందా అని ఫోన్ చూసుకుంటున్నావు. అయిపోగానే ఎలా ఉంది అని అడిగావు.”

నీకు కాస్త ఊరటగా ఉంటుందనే కదా అన్నాను.

“నాలుగేళ్ళయింది. బిడ్డ గురించి ఒక్కసారి నోరు తెరిచి అడగలేదు. ఇవాళ పనిగట్టుకుని వచ్చి పాట గురించి అడుగుతున్నావు.” ప్యాంటు ఒకటి ముందుకి లాక్కుంది. “వెళ్ళక్కా. రేపు పొద్దున్నే ఇవ్వాల్సినవున్నాయి.”

ఇంటికొచ్చి రాస్తున్నాను. ఒకటి గమనించాలి. ఎవరికిచ్చావని నేను సూటిగా అడిగాను. ఇవ్వలేదని అది ఒక్కసారి కూడా అనలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఎలా ఉంది అని నేను అడిగి ఉండను.

ఫిబ్రవరి 18, మంగళవారం

అడిగి ఉండవచ్చు.

ఫిబ్రవరి 19, బుధవారం

సాయంత్రం మా ఆయన స్నానానికి వెళ్ళగానే ఆయన ఫోన్ తీశాను. చెల్లి ఆయనకేమైనా రాసిందేమో చూద్దామని. అది ఏమీ రాయలేదు. కిందికి జరిపితే ‘మెట్లు’ కనిపించింది. మా గ్రూపు. ఆయన ఫోన్లో.

పేరు ‘కిందిమెట్టు’. చేరి రెండేళ్ళయింది. ఒక్కనాడూ ఒక్క మాట రాయలేదు. తెరిచి ఉన్నది నేను తొమ్మిదో తారీకున పెట్టిన పోస్టు దగ్గర. నా గ్రాఫు దగ్గర.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి నా చేతిలో ఫోన్ చూశారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నాకూ ఏదో ఒకటి అనడానికి వీలుండేది. ఎందుకు చేరారని అడిగాను.

“నువ్వక్కడ బాగా మాట్లాడతావు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఫోన్ చూసుకుని నవ్వుకుంటుంటావు. దేనికి నవ్వుతున్నావో తెలుసుకుందామని చేరాను. చదివితే నాకూ నవ్వొచ్చేది.”

అయినా అడగాల్సింది అడిగేశాను. పాట మీరే పెట్టారా అని. ఆయన మంచం మీద కూర్చున్నారు.

“ఆ క్యాసెట్ ఎక్కించింది నేను. అది మిషను కట్టిన పాట కాదని నాకు తెలుసు. నీకూ తెలుసు. ఎందుకలా రాశావో నువ్వే చెబుతావేమోనని పది రోజులుగా చూస్తున్నాను.”

నేను చెప్పలేదు. ఆయన చొక్కా వేసుకుని వెళ్ళి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చారు. తాగాం. అంతే.

ఫిబ్రవరి 20, గురువారం

ఆయన కాదు. చెల్లి కూడా కాదేమో. అయితే ఇంకెవరు? క్లినిక్‌లో ఫోన్ బల్ల మీదే వదిలేస్తాను. తుడవడానికి వచ్చేవాళ్ళు, మందుల కంపెనీలవాళ్ళు, డాక్టరుగారే కావచ్చు.

ఎవరైతేనేం. ఇచ్చిన పెద్దాయన దగ్గరికి వెళ్ళి నేను మాట తప్పలేదని చెప్పాలి. ఆయనకి తెలియాలి. ఫైలు తీసి చూశాను. పద్నాలుగు నెలలుగా పరీక్షకి రాలేదు. చిరునామా రాసుకున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

రెండో అంతస్తులో ఉంటాడు. కూతురు తలుపు తీసింది, మందుల షాపులో పని చేస్తుందట, ఇంకా ఆ తెల్లకోటులోనే ఉంది. వినికిడి క్లినిక్ నుంచి వచ్చానంటే లోపలికి రమ్మంది. ఇక చెవి మిషన్లు పెట్టుకోవటం లేదండీ, ఈ చలికాలంతో పూర్తిగా పోయింది అని చెప్పింది.

పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తెల్ల పలక, చేతికి అందేలా మార్కరు. మనం రాస్తే చదివి నోటితో జవాబు చెబుతాడు. నన్ను గుర్తుపట్టి బీప్‌లమ్మా అన్నాడు. నేను పలక మీద రాశాను: “మీరిచ్చిన పాట బయటికి వచ్చింది. నేను ఎవరికీ ఇవ్వలేదు.”

చదివి నవ్వాడు. “మీకూ ఇచ్చానా?”

ఏడెనిమిది మందికి ఇచ్చాడట. పళ్ళ డాక్టరుకి, ఇంటి యజమానికి, ఆసుపత్రిలో పక్క మంచం మనిషికి. అందరికీ అదే మాట చెప్పాడట, ఎవరికీ ఇవ్వకండి, పాడినమ్మాయి వద్దంది అని. ఎవరికీ ఇవ్వొద్దంటేనే మనుషులు భద్రంగా దాస్తారని, ఒక చోట పోయినా ఇంకో చోట మిగులుతుందని. పాడినామె వద్దనలేదట. టేపులో ఆ పాటకి చోటు చాలలేదట. కవరు అప్పటికే అచ్చయిపోయిందట. అంతేనట.

తల కొట్టేసినట్టయింది.

గోడగడియారం ఆ కూతురే. నాన్నకి చెవులు పోయాక, ఆ పాట విని జనం ఏమంటారో చదవాలని ఉందన్నాడట. పాడినామెని వెతికి పట్టుకుని అడిగితే, పెట్టుకోండి గాని నన్ను ఇందులోకి లాగకండి అందట. అందుకే గ్రూపులో ఇంతకన్నా చెప్పలేననడం. మొదటి వారమంతా పెద్దాయన అక్షరాలు పెద్దవి చేసుకుని ప్రతి మాటా చదివాడట. చివరి సీట్లో కూర్చున్న డ్రైవరు సంగతి నాలుగుసార్లు చదివాడట.

“తరవాత ఎవరో చెవుల పని తెలిసినవాళ్ళు రాశారు,” అన్నాడు పెద్దాయన. “చివర్లో గొంతు అతికించారని. ఆ గొంతు నాదేనమ్మా. స్టూడియో అద్దం ఇవతలి నుంచి ఇంకొక్కసారి అన్నాను. పంచినవాటిలో సిగ్గేసి కత్తిరించాను. అసలు టేపులో ఉంది. చప్పట్లలో కూడా నేనున్నాను, ఐదోవాణ్ణి.” కాసేపు కిటికీ వైపు చూశాడు. “ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది, అది నేనేనా అని. వయసైపోయింది, ఏదో ఊహించుకుంటున్నానేమో. విని చూసుకుందామంటే వీల్లేదు. మీకు తెలుస్తుంది కదా. మీరు చెప్పండి.”

ఆరేళ్ళుగా ఆ గొంతుతో మాట్లాడిన మనిషిని నేను. పరీక్ష గదిలో తలుపు వేసుకుని మూడుసార్లు విన్నాను. పోల్చుకోలేదు. పోల్చుకోవాలని వినలేదు.

పలక మీద రాశాను: “మీ గొంతే.”

“నిజంగా?”

“నూటికి నూరుపాళ్ళు.”

పలక తీసుకుని ఆ రెండు ముక్కలూ చాలాసేపు చూశాడు, చెరపలేదు. మిగతాది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కూతురు వాకిలి దాకా వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే, ఆ రాసింది మీరే కదా అంది. అవునన్నాను.

“నాన్నకి నేను చెప్పను. గ్రూపులో మీరే చెప్పండి. ఇప్పటికీ రోజూ తెరిచి చూస్తాడు, ఇంకేమైనా రాశారేమోనని.”

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దుటి నుంచి రాస్తున్నాను. మొదట ‘పొరపాటు పడ్డానేమో’ అని రాశాను. కొట్టేశాను. ‘కొత్త ఆధారాలు దొరికినందువల్ల’ అని రాశాను. అది ఇంకా అన్యాయం. మధ్యాహ్నానికి ఇది మిగిలింది:

“‘తాళం నీ దగ్గరే’ నిజమైన పాట. మొదటి రోజే నాకు తెలుసు. ఆరేళ్ళుగా నా దగ్గరా ఉంది. నా ఒక్కదాని దగ్గరే ఉందని గర్వపడ్డాను. మీ అందరికీ దొరికితే ఓర్చుకోలేక నకిలీ అని రాశాను. నేను పెట్టిన గ్రాఫు ఒక పేషెంటు చెవిది. చివరి గొంతు ఎవరూ అతికించలేదు. ఆ పాట రికార్డు చేసిన పెద్దాయనది. చప్పట్లలో ఐదో మనిషి కూడా ఆయనే.”

మా ఆయనకి చూపించాను. రెండుసార్లు చదివి, ఒకచోట ఒత్తు తప్పింది అన్నారు. దిద్ది పంపాను.

ఫిబ్రవరి 24, సోమవారం

పదకొండింటికి మాస్టారు నన్ను గ్రూపులోంచి తీసేశారు. నా మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు అని రాయబోయాను. ఆయన మీద అని రాయాలి.

డాక్టరుగారికి గ్రాఫు సంగతి చెప్పాను. పేరు లేకపోయినా పేషెంటు కాగితం బయటికెలా పంపావని గట్టిగా చీవాట్లు పెట్టారు. రేపటి నుంచి క్లినిక్‌లో నా ఫోన్ ఆయన బల్ల సొరుగులో పెట్టాలట.

ఫిబ్రవరి 26, బుధవారం

భోజనాలయ్యాక మా ఆయన ఫోన్ తీసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. కిందిమెట్టుని ఎవరూ తీసెయ్యలేదు. పాట మళ్ళీ పెట్టారట. ఈసారి గోడగడియారం దాని కింద, ఇది రికార్డు చేసిన మా నాన్నకి ఇప్పుడు వినపడదు, మీరు రాసేది చదువుతాడు అని రాసిందట. పాత నర్సు మొదట “ఇంకొక్కసారి” అని పెట్టింది. తరవాత అందరూ అదే. మా ఆయన వేలితో తెరని పైకి తోస్తూనే ఉన్నారు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి. నాలుగొందలకి పైనే. డ్రైవరు మాత్రం, ఐదుగురని నేను ముందే చెప్పాను అని రాసి, దాని కింద ఇంకొక్కసారి అన్నాడు.

“నీ గురించీ చాలా రాశారు. చదవనా?”

“చదవండి.”

చదివారు. ఒక్కటీ దాటెయ్యలేదు, ఎక్కడా మెత్తబరచలేదు. కొన్ని నిజంగా మింగుడు పడలేదు. ఒకడు “ఈవిడ పని చేసేది చెవులకి, జబ్బు మాత్రం కళ్ళలో ఉంది” అన్నాడు. అది చదివేటప్పుడు మా ఆయనకి నవ్వు ఆగలేదు. ఆపుకోవడానికి చూసి దగ్గు తెచ్చుకున్నారు. నాకూ నవ్వొచ్చింది.

తరవాత మీకు ఆ పాటలో ఏది ఇష్టమని అడిగాను. ఆరేళ్ళలో మొదటిసారి. కుర్చీ చప్పుడు అన్నారు.

మార్చి 2, ఆదివారం

ఫోన్ ఇంట్లో వదిలి చెల్లి కొట్టుకి వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళితే తలెత్తి చూసి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నీ మీద నింద వేశాను, తప్పు నాది అన్నాను. ఊఁ అంది. వెళ్ళమనలేదు. స్టూలు లాక్కుని కూర్చుంటే ఒక ప్యాంటు, కుట్లు విప్పే కొక్కెం నా ఒళ్ళో పడేసింది. విప్పుతూ కూర్చున్నాను. అరగంట పైనే అయి ఉంటుంది.

ఆ రోజు ఏమైందో చెప్పవా అన్నాను.

మిషను ఆగలేదు. వినపడలేదేమో అనుకున్నాను. ఆ అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే కదలిక తెలియలేదట. ఆసుపత్రికి నడిచే వెళ్ళిందట. డాక్టరు ఏమీ అనకముందే తెర పక్కకి తిప్పుకోవడం చూసి అర్థమైందట. తరవాత నర్సు తెచ్చి చేతికిచ్చిందట. ఇంత చిన్నది అంత బరువుంటుందని అనుకోలేదట. ఎడమ చేతి వేళ్ళు ముడుచుకుని ఉంటే ఒక్కొక్కటే విప్పి చూసిందట. గోళ్ళు కూడా ఉన్నాయట.

నేను మధ్యలో ఏమీ అనలేదు. అది ఆగినప్పుడు ఆగాను. మళ్ళీ చెప్పినప్పుడు విన్నాను. ఒళ్ళో ప్యాంటు అలాగే ఉంది.

పేరు కూడా అనుకుని పెట్టుకుందట. వాళ్ళాయనకి తప్ప ఇంకెవరికీ తెలియదట.

చెప్పింది. ఇక్కడ రాయను.